ఏ ఫారం? ఎన్ని గడులు?

మా వారి బదిలీతో యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, అరియాంకుప్పంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పిల్లలు బడికి వెళ్లాక పొద్దు గడవక పూసల దండలు గుచ్చడం మొదలుపెట్టాను. ఊరు కూడా అందుకు తగిందే. ఇక్కడి అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపి, రోమ్ సామ్రాజ్యం నుంచి వచ్చిన మట్టిపాత్రల ముక్కలను బట్టి ఈ రేవు ఎంత పాతదో తేల్చారు. ఒకప్పుడు రాతి పూసలు, గాజు పూసలు తయారైన చోటు అది. నా పూసలు మాత్రం బజారులో కొన్నవే! ఇంట్లోవాళ్లు వ్యాపారం చేస్తే బ్యాంకుకు చెప్పాలి కదా, మా వారు నిబంధన ప్రకారం తెలియజేశాకే అమ్మకం మొదలుపెట్టాను.

కొత్త దండలు సిద్ధమైనప్పుడు, కావాలన్నవారికి నెలకో ఈమెయిలు పంపాలన్నది నా ఆలోచన. అందుకు చిరునామాలు కావాలి. అవి ఎలా సేకరించాలో తెలియక ఒక పొరపాటు చేశాను. ఇంటి నుంచి చిన్న వ్యాపారం నడుపుతున్న మన బ్యాంకు కుటుంబాలవారికి పనికొస్తుందని ఆ పొరపాటునీ, దాని నుంచి నేర్చుకున్న పాఠాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

బల్ల మీద తెరిచి ఉంచిన పుస్తకం

దీపావళికి ముందు మా కాలనీలో చిన్న ప్రదర్శన పెట్టుకున్నాం. నా బల్ల మీద ఒక పొడుగాటి పుస్తకం పెట్టాను. పేరు, ఫోను, ఈమెయిలు, ఇంటి చిరునామా, పుట్టినరోజు, పెళ్లిరోజు అని ఆరు గడులు గీశాను. పుట్టినరోజుకు శుభాకాంక్షలు పంపితే బాగుంటుందని నా ఉద్దేశం. వచ్చినవారంతా వరుసగా రాశారు. తరువాత రాసేవారికి పై వరుసలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. నేను బేరాల్లో మునిగి ఉంటే ఎవరు చదివారో, ఎవరు ఫోనులో ఫొటో తీసుకున్నారో నాకేం తెలుసు?

కొద్ది రోజులకు మా వీధిలో ఉండే పెద్దావిడకు ఒక ఫోను వచ్చింది. అవతలి మనిషి ఆవిడ పేరు, పుట్టినతేదీ చెప్పి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని ఓటీపీ అడిగాడు. అదృష్టం, ఆవిడ చెప్పలేదు. నేరుగా మా ఇంటికి వచ్చి మా వారికి చెప్పారు. ఆ వివరాలు నా పుస్తకం నుంచే వెళ్లాయని రుజువు లేదు. వెళ్లలేదని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు.

మా వారు కోప్పడలేదు. "కౌంటరు మీద ఒకరి ఖాతా ఫారం ఇంకొకరికి కనిపించేలా తెరిచి పెడతామా?" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

డబ్బు కట్టే చీటీ, ఖాతా తెరిచే దరఖాస్తు

తరువాత ఆయనే ఇంకో మాట చెప్పారు. డబ్బు కట్టే చీటీ అరచేతిలో ఇముడుతుంది. ఖాతా తెరిచే దరఖాస్తు పేజీలకు పేజీలు ఉంటుంది. రెండూ బ్యాంకు ఫారాలే, కానీ ఏ ఫారం పొడవైనా దానితో జరగాల్సిన పనిని బట్టే ఉంటుంది. ఖాతా తెరవాలంటే గుర్తింపు, చిరునామా, నామినీ కావాలి. పూసల దండ గురించి ఈమెయిలు పంపడానికి కావలసింది ఈమెయిలు చిరునామా ఒక్కటే. పేరు పెట్టి పిలవాలనుకుంటే ఇంకో గడి. అంతకు మించి ఏ గడి పెట్టినా, "ఈ వివరంతో నేను ఏ పని చేస్తాను?" అనే ప్రశ్నకు జవాబు ఉండాలి. జవాబు లేని గడిని కొట్టేయాలి. నిండుతున్న కొద్దీ గడులు విసుగు పుట్టిస్తాయి, సగంలో వదిలేసి వెళ్లేవారు ఎక్కువవుతారు. పైగా మన దగ్గర లేని వివరం మన దగ్గర నుంచి పోయే ప్రమాదమే లేదు.

మనిషి ఎక్కడ ఎదురవుతారు?

గడులు తేలాక ఫారం రకం ఎంచుకోవాలి. అది ఆ మనిషి మనకు ఎక్కడ, ఏ తీరికలో ఎదురవుతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

బల్ల దగ్గర: కొనేవారు నిలబడి ఉంటారు, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పిల్లవాడు. వారికి క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న అట్టముక్క చాలు. ఫోనుతో స్కాన్ చేస్తే ఒకే గడి ఉన్న పేజీ తెరుచుకోవాలి. ఇంటికి వెళ్లాక తీరిగ్గా చేసుకునేందుకు ఆ అట్టముక్కను సంచిలో కూడా వేయవచ్చు. ఫోను వాడకం అలవాటు లేనివారికి విడివిడి చీటీలు ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమనాలి. ఒకరు రాసింది ఇంకొకరి కంట పడకూడదు.

వాట్సాప్‌లో: బంధువులు, స్నేహితులు మన లింకును ముందుకు పంపుతారు. ఆ లింకు నొక్కినవారికి మనం ఎవరమో తెలియదు. వారికి ప్రత్యేకంగా ఒక పేజీ కావాలి. ఎవరు పంపుతారు, ఏమి పంపుతారు, నెలకు ఎన్నిసార్లు పంపుతారు అన్న మూడు ముక్కలూ, ఒక దండ ఫొటో, కింద ఫారం ఉంటే సరిపోతుంది. ఆ పేజీలో ఇంకే లింకులూ వద్దు.

వెబ్‌సైటులో: సొంత సైటు ఉన్నవారు వ్యాసం చివర చిన్న ఫారం అమర్చుకోవచ్చు. చివరిదాకా చదివినవారికి ఆసక్తి ఉన్నట్టే కదా. తెర మీదికి ఎగిరివచ్చే పాప్‌అప్ ఫారాలు కూడా ఉన్నాయి. అవి గడప దాటకముందే చేయి పట్టుకుని అడిగినట్టు ఉంటాయి. ఫోను తెరను పూర్తిగా కప్పేసే పాప్‌అప్‌లున్న పేజీలు వెతుకులాటలో వెనకబడవచ్చని గూగుల్ 2017 నుంచే పద్ధతి పెట్టింది. తప్పదనుకుంటే కొంత చదివాక రావాలి, మూసే గుర్తు స్పష్టంగా కనబడాలి, ఒకసారి మూసినవారికి మళ్లీ మళ్లీ రాకూడదు.

ఆర్డరు ఫారంలో: "కొత్త దండల కబుర్లు పంపమంటారా?" అని ఒక గడి పెట్టవచ్చు. దాన్ని ఖాళీగానే వదలాలి, మనమే ముందుగా టిక్ పెట్టకూడదు. దండ కొన్నారు కాబట్టి ఉత్తరాలకూ ఒప్పుకున్నట్టే అనుకోకూడదు.

రెండోసారి అడగడం

ఎవరో ఇంకొకరి ఈమెయిలు రాయవచ్చు, ఒక అక్షరం తప్పు పడవచ్చు. అందుకే చిరునామా అందగానే, "మీరే నమోదు చేసుకున్నారా? అయితే ఈ లింకు నొక్కండి" అని ఒక ఈమెయిలు వెళ్లాలి. నొక్కినవారినే జాబితాలో చేర్చాలి. బ్యాంకులో నమూనా సంతకంతో సరిచూసుకున్నట్టే ఇదీ. ఈ పద్ధతిలో జాబితా కొంత చిన్నదవుతుంది, కానీ అందులో మిగిలినవారు నిజంగా అడిగినవారు. గూగుల్ ఫారమ్స్‌తో చిరునామాలు ఒక షీటులో పోగుచేసుకోవచ్చు గానీ, ఇలా రెండోసారి అడగడం, తప్పుకునేవారిని తొలగించడం మనమే చూసుకోవాలి. ఈమెయిలు జాబితాల కోసమే ఉన్న సేవల్లో ఈ సదుపాయాలు సాధారణంగా ఉంటాయి. మామూలు ఈమెయిలు నుంచే పంపేవారు చిరునామాలన్నీ బీసీసీ గడిలో పెట్టాలి. లేకపోతే నా పుస్తకం కథే మళ్లీ మొదలు.

అడగనివారికి పంపితే వారు స్పామ్ అని నొక్కుతారు. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా ఈమెయిళ్లు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని షరతులు పెట్టింది. ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మనవంటి చిన్నవారికి ఆ సంఖ్య దూరమే అయినా, నడిచే దారి అదే.

చట్టం ఏమంటోంది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం సమ్మతి గురించి స్పష్టంగా చెబుతుంది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి తీసుకోవాలి. ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలికగా ఉండాలి. 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కాగితం మీద తీసుకుని తరువాత కంప్యూటరులోకి ఎక్కించిన వివరాలూ ఈ చట్టం పరిధిలోకే వస్తాయి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలవుతాయి. సమాచారాన్ని ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగూ తమిళమూ ఆ షెడ్యూలులో ఉన్నవే. నా దగ్గరకు వచ్చేవారిలో తమిళులే ఎక్కువ కాబట్టి నా ఫారం పై భాగంలో తమిళం, కింద తెలుగు పెట్టాను. తమిళం ముక్కను పక్కింటి అక్క సరిదిద్దారు.

మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట

"మీ ఆయన బ్రాంచిలో అంతమంది కస్టమర్లు ఉన్నారు కదా, వాళ్ల ఈమెయిళ్లు తీసుకోరాదూ?" అని నన్ను ఒకరిద్దరు అడిగారు. నవ్వుతూ అన్నా, అది నవ్వులాట మాట కాదు. ఖాతాదారులు బ్యాంకును నమ్మి ఇచ్చిన వివరాలవి. అందులో ఒక్కటి కూడా మన ఇంటి జాబితాలోకి రాకూడదు. ఉద్యోగులు చేరేటప్పుడు పెట్టే గోప్యత సంతకం బరువు ఇంట్లోవాళ్ల మీద కూడా ఉంటుందని నేను అనుకుంటాను.

అలాగే మనం ఇతరుల ఫారాలు నింపేటప్పుడు కూడా చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు సూచన మేరకు బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలకు మారాయి. బ్యాంకు పేరుతో వచ్చిన లింకు వేరే చిరునామాకు తీసుకువెళితే అక్కడ ఒక్క గడి కూడా నింపకండి.

ఇంటి పని

మీ ఇంట్లో ఇప్పటికే ఒక పుస్తకమో, షీటో ఉంటే తీసి చూడండి. ఒక్కో గడి పక్కన దాన్ని మీరు చివరిసారి ఎందుకు వాడారో రాయండి. రాయడానికి ఏమీ దొరకని గడిలోని వివరాలను తుడిచేయండి.

నేను ఆ పుస్తకంలోని ఈమెయిళ్లకు ఒక్కసారి మాత్రం రాశాను. జరిగింది చెప్పి, ఉండాలనుకుంటే ఈ లింకు నొక్కండని అడిగాను. సగానికి పైగా జవాబే ఇవ్వలేదు. వారి పేర్లు తీసేశాను. ఆ పెద్దావిడకు ఈమెయిలు చూసే అలవాటు లేదు కాబట్టి ఇంటికే వెళ్లి అడిగాను. "ఈమెయిలు ఎందుకమ్మాయ్, కొత్త దండ గుచ్చినప్పుడు గుమ్మంలోంచి ఒక్క కేక వెయ్యి" అన్నారు. పుస్తకంలోని ఆ పేజీలు ఆవిడ ఎదుటే చింపేశాను.