కోడిపుంజు కంటిజబ్బు – ఇంట చేయదగిన చికిత్స



పాడిపశువునకు జబ్బు చేసినచో ఇరుగుపొరుగు వారందఱు కదలివత్తురు. కోడికి జబ్బు చేసినచో దానిని కోసికొనుటయో, సంతకు తీసికొనిపోవుటయో మనలో వాడుక. అయినను కోయుటకు మనసొప్పని పుంజు ఒకటి అనేక గృహములలో నుండును. పిల్లలు అరచేతిలో గింజలు పెట్టి పెంచినది. తెల్లవాఱుజామున ఇల్లు లేపునది. వాకిటి పెట్టలన్నిటికిని అదియొక్కటే పుంజు. అట్టిది ఒకనాటి యుదయమున కన్ను మూసికొని, మెడ ముడుచుకొని, గోడచాటున నిలిచినచో ఏ మందు వేయవలయునని సభ్యులు మమ్ము పలుమాఱు అడుగుచున్నారు. మందునకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. అది రెప్ప యెత్తి చూచుట.

ఈ మాట మేము నష్టపడి నేర్చుకొన్నది. కొన్ని యేండ్ల క్రిందట, వేరుశనగ కట్టె యంత్రమున కొట్టించిన మఱునాడు, మా యింటి యెఱ్ఱపుంజునకు కుడికన్ను వాచినది. నీరు కారుచుండెను. చూచుట కోపిక లేక, ఇంటిలో నెవరికో వాడగా మిగిలిన కంటిచుక్కలను రెండు దినములు వేసితిమి. వాపు తగ్గినట్లే కనబడెను. మూడవనాటికి నల్లగ్రుడ్డుపై తెల్లని పొర కమ్మెను. అప్పుడు పశువైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ఆయన రెప్ప యెత్తి, లోపల నాటుకొనియున్న చిన్న పొట్టుముక్కను తీసి చూపెను. మేము వేసిన చుక్కలలో స్టిరాయిడు గలదనియు, గీత పడిన కంటిలో నది పడినచో పైకి వాపు తగ్గుచుండగనే లోపలి పుండు లోతునకు దిగుననియు చెప్పెను. ఆ కంటికి చూపు మరల రాలేదు.

మన సీమలో కోళ్లకు కంటిజబ్బులు వచ్చుటకు కారణములు తక్కువ కావు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు నేల యిది. జ్యేష్ఠాషాఢములలో వానకంటె గాలి ముందు వచ్చును. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినది ఈ గాలిని నమ్మియే గదా! ఆ గాలి దున్నిన యెఱ్ఱమన్నును ఎత్తి వాకిళ్లలో పోయును. కోతలనాడు వేరుశనగ కట్టె దుమ్ము, కొఱ్ఱపొట్టు; వేసవిని పచ్చని ఆకు కంటికి కనబడకపోవుట; రాత్రివేళ గాలిచొరని గూటిలో పదునైదు కోళ్లను మూయుట. ఆ గూటిలో రెట్టనుండి పుట్టు ఘాటు మన ముక్కునకు సోకినపుడే మనము తల వెనుకకు తీసికొందుము. రాత్రియంతయు దానిలోనే యుండు కోడి కన్నులు ఎఱ్ఱబడుట వింతకాదు.

ఇక చూచుట యెట్లు? మొదట జబ్బు ఒక కంటనా, రెండు కన్నులనా యని కనుగొనవలయును. ఒకే కన్ను నీరుకారుచు, పక్షి తక్కిన విధముల చుఱుకుగా మేయుచున్నచో, దుమ్మో, పొట్టో, మఱియొక పుంజు ముక్కుదెబ్బయో తగిలియుండును. (పుంజులను పోరునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమని ఈ సందర్భమున గుర్తుచేయుచున్నాము.) వెలుతురునకు త్రిప్పి, క్రిందిరెప్పను వ్రేలితో మెల్లగా లాగి చూడుడు. కోడికి పైరెప్ప, క్రిందిరెప్ప గాక లోపల మూడవరెప్ప యొకటి గలదు. అది పలుచని పొరవలె ముక్కువైపు నుండి సఱ్ఱున జరిగి కన్నును తుడిచి మరలిపోవును. దీనిని కంట పువ్వు వేసినదని భ్రమించి పట్టిలాగినవారిని మేమెఱుగుదుము. కదలుచున్న పొర రెప్ప. కదలక నిలిచియున్న తెల్లని మచ్చ పుండు. అది కనబడినచో ఇంటి చికిత్సతో కాలము గడపక నాడే వైద్యునకు చూపవలయును.

రెండు కన్నులును వాచి, ముఖముబ్బి, ముక్కునుండి దుర్గంధముగల చీమిడి కారుచు, తుమ్ముచున్నచో నది కోరైజా యను అంటుజలుబు కావచ్చును. ఇది త్రాగునీటి తొట్టినుండి ఒకటి మూడు దినములలో మందకంతకు ప్రాకును. తురాయిమీదను, గడ్డము క్రింది తమ్మెలమీదను, రెప్పల యంచులను గరుకైన పొక్కులున్నచో నది కోళ్ల మశూచి, మనవారు అమ్మవారందురు. దోమలు దీనిని మోసికొనివచ్చును. ఆ పొక్కులను గిల్లరాదు. గిల్లినచో రక్తము కారి జబ్బు ప్రక్కకోడికి చేరును. చర్మమునకు మాత్రము వచ్చిన మశూచి మూడు నాలుగు వారములలో తనంతట తాను మానును. అంతవరకు కన్ను మూతపడిపోకుండ కడుగుచుండుటయే మన పని. కన్నులతోపాటు పచ్చని విరేచనములు, నోరు తెఱచి యెగయూపిరి, మెడ మెలితిరుగుట కనబడినచో నది కొక్కెర తెగులు. మన దేశమున 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్‌న కనబడినందున దానికా పేరును గలదు. దీనికి ఏ మందును లేదు.

కన్ను కడుగు విధమును కొంచెము విపులముగా చెప్పెదము. ఏలయన ఇంటిలో మనము నిశ్చింతగా చేయదగినది ఇదియొక్కటే. ఒక లీటరు నీటిని బాగుగ మరగించి, మెత్తని ఉప్పు తొమ్మిది గ్రాములు, అనగా టీ చెంచాతో తలకొట్టిన ఒకటిన్నర చెంచా కలిపి, మూతపెట్టి చల్లార్చవలయును. ముంజేతిపై పోసికొన్నచో వెచ్చగా తోచవలయునే గాని కాలరాదు. ఉప్పు ఎక్కువైనచో కన్ను మండును, ఉజ్జాయింపు పనికిరాదు. పాతనూలు గుడ్డను ముక్కలుగా చింపి, ఉడికించి, ఆరబెట్టి యుంచుకొనవలయును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మసక వెలుతురున పుంజు లొంగియుండును. దుప్పటిలో రెక్కలు కదలకుండ చుట్టి ఒకరు ఒడిలో పట్టుకొనవలయును. ఱొమ్మును గట్టిగా నొక్కరాదు. కోడికి మనవలె ఊపిరితిత్తుల క్రింద కదలు పొర లేదు; ఱొమ్ముఎముక ఆడినగాని దానికి ఊపిరి ఆడదు. పిల్లలు ప్రేమకొలది బిగించి పట్టుటచే ప్రాణము పోవచ్చును.

రెప్పలు పుసితో అంటుకొన్నచో వెంటనే విప్పబోరాదు. వెచ్చని ఉప్పునీటిలో తడిపిన గుడ్డను మూడు నాలుగు నిమిషములు కంటిపై నుంచినచో పుసి నానును. తరువాత ముక్కువైపు కనుకొలికి నుండి వెలుపలికి ఒక్కమాఱు తుడిచి, ఆ ముక్కను పాఱవేసి, మఱియొక ముక్క తీసికొనవలయును. ఒక కన్ను తుడిచిన గుడ్డ రెండవ కంటిని తాకరాదు. పిదప సూదిలేని సిరంజితో నీటిని ధారగా, మెల్లగా పోసినచో దుమ్ము, పొట్టు కొట్టుకొనిపోవును. నాటుకొనియున్న ముక్కను ముల్లుతోగాని పిన్నుతోగాని తీయబూనరాదు. ఇట్లు దినమునకు రెండు మూడు మాఱులు చేయవలయును. దుమ్ము పడిన కన్నైనచో సాధారణముగా రెండు దినములలో తెఱచుకొనును. అట్లు కాకున్నచో మన గుర్తింపు తప్పినదని తెలిసికొని వైద్యుని చూడవలయును. పని ముగిసిన వెనుక సబ్బుతో చేతులు కడుగుకొనుట మఱువకుడు. కొక్కెర తెగులు పురుగు మన కంటిని సయితము ఎఱ్ఱచేయును.

మందుల విషయమున మా మాట కొంచెము కటువుగా నుండును. జిల్లేడుపాలు కంటిలో వేయుట మహాపాపము. ఆ పాలు మనుష్యుని కంటినే కాల్చును. పొగాకురసము, సున్నపుతేట, ఉల్లిరసము అట్టివే. పసుపు మంచిదేకదా యందురు. కాని పొడి నలుసులు నలుసులే, గీతపడిన కన్నును మఱింత గీయును. దుకాణపు మందైనచో సీసామీది చిన్నయక్షరములను చదివింపుడు. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అను పేళ్లున్నచో నది స్టిరాయిడు. వైద్యుడు కన్ను చూచి చెప్పక వేయరాదు. క్లోరాంఫెనికాల్ గల చుక్కలు మన యిండ్లలో విరివిగా దొరకును. గ్రుడ్లకు, మాంసమునకు పెంచు ప్రాణులకు అది నిషిద్ధము. ముద్దుపుంజైనను రేపు కూరయగునేమో యని యోచింపవలయును. వైద్యుడు వేఱు మందు వ్రాసియిచ్చినప్పుడు, ఆ మందు వాడిన తరువాత ఎన్ని దినములవరకు గ్రుడ్లు, మాంసము తినరాదో అడిగి తెలిసికొనుడు.

కరవు సీమలో ముఖ్యముగా చెప్పవలసిన కన్నుజబ్బు ఇంకొకటి గలదు. దీనిని పలువురు అంటురోగమని యెంచి మందులకు డబ్బు తగలవేయుదురు. కన్ను వాచును, దుర్గంధముండదు, రెప్పక్రింద వెన్నముద్దవలె తెల్లని గట్టిపదార్థము పేరుకొనును, నోటిలో గొంతువైపు తెల్లని చిన్న పొక్కులు కనబడును, పక్షి చిక్కిపోవును. ఇది ఎ విటమిను లోపము. 1913లో అమెరికాలో మెక్కాలమ్, డేవిస్ అనువారు వెన్నలోను గ్రుడ్డుసొనలోను ఎలుకల పెరుగుదలకు అవసరమైన పదార్థమొకటి గలదని కనుగొనిరి. తరువాత దానికీ పేరు వచ్చెను. కోడి పచ్చనియాకులోని పసుపువన్నె పదార్థమునుండి దీనిని తన శరీరమున తయారుచేసికొనును. తెల్లజొన్నలో, నూకలలో, వేరుశనగ పిండిలో అది లేనట్లే. ఎండలో కాగిన మేతలోను మిగులదు. మంచికాలమున పురుగుపుట్ర, గడ్డిపరక యేరుకొని తిను కోడి కీ కొఱత రాదు. వానలు తప్పి, బీడు మాడి, ఏప్రిలు మే మాసములలో తెల్లజొన్న మాత్రము చల్లుచుండగా, కాలేయమున దాచుకొన్నది క్రమముగా తఱుగును.

ఈ జబ్బునకు కంటిలో వేయు మందు పనిచేయదు. కడుపులోనికి ఆకు పోవలయును. మునగాకు, అవిసెయాకు, తోటకూర, ఏది దొరకిన నది సన్నగా తఱిగి పుంజునకు దినమున కొక పిడికెడు చొప్పున పెట్టుడు. తినలేని పక్షికి ముద్దచేసి కొంచెము కొంచెముగా మ్రింగింపుడు. నూకలకు బదులు పసుపుపచ్చని మొక్కజొన్నను కొంత కలుపుడు. విటమిను చుక్కలు వైద్యుని యడిగియే వేయవలయును. అవి ఎక్కువైనను కీడే. ఆకు ఎక్కువైనను అట్టి కీడు లేదు. స్నానపునీరు పాఱుచోట ఒక మునగకొమ్మ నాటినచో బోరు ఎండిన వేసవియందును ఆకు నిచ్చును. ఆకు మిక్కిలిగ నున్ననాడు నీడన ఆరబెట్టి, మూతగల డబ్బాలో దాచుకొనుడు. ఎండలో ఆరబెట్టినచో సారము పోవును.

అంటుజబ్బని తోచిన పక్షిని వేఱు గంపక్రింద నుంచి, వేఱు మూకుడులో నీరు పెట్టుడు. బాగున్న కోళ్లకు ముందు మేతవేసి, జబ్బుకోడి యొద్దకు చివర పొండు. సంతనుండి తెచ్చిన కోడిని రెండు వారములు విడిగా నుంచకయే మందలో కలుపుట వలననే మా గ్రామమున రెండు మాఱులు జలుబు ప్రాకినది.

కొక్కెర తెగులునకు, మశూచికి టీకాలు గలవు. ఒక్కొక్క యింట ఐదు కోళ్లుండగా టీకా సీసాలో వంద మోతాదులు, అంతకు మించియు నుండును. కలిపిన రెండు గంటలలో వాడవలయును, మిగిలినది పాఱబోయవలసినదే. ఒంటరి రైతునకు ఇది భారము. ఇరువది యిండ్లవారు సంఘముగా నేర్పఱచుకొని, ఒకేనాటి వేకువన, గూళ్లు తెఱవక ముందు, వీధివెంట టీకా వేయించుకొన్నచో ఇంటికి పడు ఖర్చు స్వల్పము. మంచుపెట్టెలో తెచ్చినగాని టీకాకు బలముండదు. రైతు సేవా కేంద్రమునందలి పశుసంవర్ధక సహాయకునితో దినము నిర్ణయించుకొనుటకు సంఘ కార్యదర్శికి పేళ్లిండు. అత్యవసరమైనచో సంచార పశువైద్యశాలను 1962 సంఖ్యకు ఫోనుచేసి పిలువవచ్చును.

ముఖములు వాచి, తురాయిలు నీలమై, ఒకటి రెండు దినములలో పెక్కు కోళ్లు చచ్చినచో మాత్రము ఏ చికిత్సయు చేయకుడు. చేతితో తాకకుడు, కోయకుడు, అమ్మకుడు. 2024లో నెల్లూరు ప్రాంతమునను, 2025లో గోదావరి జిల్లాలలోను కోళ్లలో బయలుపడిన పక్షిజ్వర మట్టిది. వెంటనే పశువైద్యశాఖకు తెలుపవలయును.

ఒకకన్ను పోయిన పుంజు పనికిమాలినది కాదు. మా యెఱ్ఱపుంజు ఆ తరువాత మూడేండ్లు బ్రదికెను. గ్రుడ్డికంటి వైపునుండి పోయినచో బెదరును గనుక పిలిచి దగ్గఱకు పోయెడివారము. గింజలు ఎడమవైపున చల్లెడివారము. కొయ్యదూలము మీది కెక్కలేక పడుచున్నందున, రెండడుగుల యెత్తున వెదురుబద్ద యొకటి కట్టితిమి. దానిమీద కూర్చుండి వేళకు కూయుచుండెను.