పిల్లలతో పట్నం ప్రయాణం: రెండు రోజులు, ఒక లెక్క పుస్తకం

పదమూడేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లలో సెలవులు దగ్గరపడగానే ఒక మాట మొదలవుతుంది: “ఎక్కడికైనా వెళ్దాం.” తండ్రి జేబు తలచుకుని “చూద్దాంలే” అంటాడు. డబ్బు లేక అలా అన్నాడో, ఇష్టం లేక అన్నాడో పిల్లలకు బోధపడదు. వారు తమకు తోచినట్లు అర్థం చేసుకుంటారు, చాలాసార్లు తప్పుగానే అర్థం చేసుకుంటారు. కాబట్టి రైలు వేళలు చూడకముందే చేయవలసిన పని ఒకటి ఉంది. తల్లిదండ్రులు ఇద్దరూ కూర్చుని ఎంత ఖర్చు పెట్టగలరో తేల్చుకోవాలి, ఆ అంకెను పిల్లల ముందు పైకి చెప్పాలి. చిన్న అంకె అయినా సరే చెప్పాలి. ఇంటి రాబడి తెలియని పిల్లవాడు పట్నంలో కనిపించినదల్లా అడుగుతాడు. తెలిసినవాడు తానే లెక్క వేస్తాడు.

ఉదాహరణకు కోలారు గనుల ప్రాంతంలో ఉండే ఒక కుటుంబం చెన్నై చూడాలనుకున్నదనుకుందాం. తల్లి, తండ్రి, పదహారేళ్ల అమ్మాయి, పద్నాలుగేళ్ల అబ్బాయి. చేతిలో ఆరువేల రూపాయలు. రైలు టికెట్లకు, ఒక రాత్రి గదికి అందులో సగం పైగా పోతుంది. పన్నెండేళ్లు నిండిన పిల్లలకు రైలులో పూర్తి ఛార్జీయే, అరటికెట్టు ఆశ పెట్టుకోనక్కరలేదు. మిగిలినదే తిండికి, తిరుగుడుకు, ప్రవేశ రుసుములకు. ఈ మిగిలిన భాగాన్ని పిల్లల చేతికి ఇవ్వండి. సలహా అడిగి ఊరుకోవడం కాదు, డబ్బే ఇవ్వండి. అమ్మాయి లెక్క పుస్తకం రాస్తుంది, అబ్బాయి దారి, వేళలు చూస్తాడు. రెండవ రోజు పనులు మార్చుకోవచ్చు. మొదటి రోజు మధ్యాహ్నానికే కొంత ఎక్కువ ఖర్చయిపోతే అవనివ్వండి. రాత్రి భోజనానికి ఏమి మిగిలిందో వారే చూసుకుంటారు. అత్యవసరానికి వేరుగా దాచిన కొంత సొమ్ము మాత్రం తల్లి దగ్గర ఉండాలి, దాని ఊసు ఎత్తకూడదు.

దీనికి తోడు ఒక్కొక్కరికి నూరో నూటయాభయ్యో సొంతానికి ఇచ్చి, దాని లెక్క అడగకుండా ఉండటం మంచిది. గాజులు కొన్నా, ఐస్‌క్రీము తిన్నా అది వారి ఇష్టం. “దీనికి ఇంతా?” అనే మాట దగ్గరే చాలా ప్రయాణాలు చెడుతాయి.

ఇక రైలు సంగతి. శుక్రవారం రాత్రి బంగారుపేటలో రైలు ఎక్కితే శనివారం తెల్లవారేసరికి చెన్నై సెంట్రల్‌లో ఉంటాం, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. అయితే తిరుగు టికెట్టు ముందు చూసుకోవాలి. ఆదివారం రాత్రి బయలుదేరే రైళ్లకు రద్దీ ఎక్కువ, సోమవారం బడి ఉంటుంది. 2024 నవంబరు నుండి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. పాత లెక్క గుర్తుపెట్టుకుని నాలుగు నెలల ముందు కౌంటరుకు వెళ్తే పని జరగదు. స్టేషనులో దిగాక ముఖం కడుక్కుని, సంచులకు తాళాలు వేసి క్లోక్‌రూములో పెట్టుకోవచ్చు. చేతిలో బరువు లేకపోతే ఆటో అవసరం సగం తగ్గుతుంది.

ఆటోల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ ఖర్చు ప్రయాణానికి చిల్లు పడేది ఇక్కడే. చూడదలచిన చోట్లను పేరును బట్టి ఎంచుకుంటే ఊరు ఈ మూల నుండి ఆ మూలకు తిరగవలసి వస్తుంది. రైలు దారిని బట్టి ఎంచుకోండి. చెన్నైలో లోకల్ రైలు కనీస టికెట్టు 5 రూపాయలు. మెట్రోలో కనీసం 10, అత్యధికం 50. సెంట్రల్ ఎదుట ఉన్న పార్క్ స్టేషనులో తాంబరం వైపు రైలు ఎక్కితే తరువాతిదే ఎగ్మోరు. సెంట్రల్ పక్కనే పార్క్ టౌన్ స్టేషను ఉంది. అక్కడ వేలచ్చేరి వైపు రైలు ఎక్కితే చేపాక్, లైట్‌హౌస్, తిరుమయిలై, కొట్టూరుపురం వరుసగా వస్తాయి. ఈ రెండు దారులతో రెండు రోజులు గడిచిపోతాయి.

శనివారం ఉదయం ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం. 1851లో స్థాపించినది. అక్కడ మన పిల్లలు తప్పక చూడవలసినవి కృష్ణా తీరపు అమరావతి స్తూపం నుండి తెచ్చిన శిల్పాలు. తరతరాలుగా కర్ణాటకలోనో తమిళనాడులోనో పెరిగి, తెలుగు ఇంట్లో మాత్రమే వినే పిల్లలకు అవి చూపించి ఇవి ఎక్కడివో చెప్పండి. అన్ని గదులూ తిరగాలని పట్టుపట్టవద్దు. ఈ వయసు పిల్లలు రెండు గంటలు శ్రద్ధగా చూస్తారు, మూడవ గంటలో కాళ్లు ఈడుస్తారు. సాయంత్రం మెరీనా. దానికి టికెట్టు లేదు. కాని అక్కడి అలల లాగు ప్రమాదకరం, సముద్ర స్నానానికి అనుమతి లేదు. ఈత వచ్చిన అబ్బాయికి ఈ మాట ఇంటి దగ్గరే చెప్పి, ఒప్పించి తీసుకువెళ్లాలి. ఇసుకలో నిలబడి వాదించే విషయం కాదిది.

ఆదివారం ఉదయం ఆరాధన తరువాత తిరుమయిలైలో దిగితే, లజ్‌కు సమీపంలో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న ఆయన నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూసినది ఆ ఇంట్లోనే. అది అప్పట్లో బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. చెన్నై అనే పేరు కూడా దామర్ల చెన్నప్ప నాయకుని పేరు మీదుగా వచ్చినదని చాలామంది చెబుతారు. 1639లో కోటకు చోటిచ్చినది ఆయన కుమారుడు వెంకటాద్రి. ఇవి మార్కుల కోసం చదివితే ఒక పేజీ. ఆ వీధిలో నిలబడి వింటే వేరుగా ఉంటుంది. అక్కడి నుండి కొట్టూరుపురం వెళ్తే బిర్లా ప్లానెటోరియం, 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం దగ్గరదగ్గరలోనే ఉన్నాయి. గ్రంథాలయ ప్రవేశం ఉచితం, ఎండ వేళ గడపడానికి అంత మంచి చోటు ఖర్చు పెట్టినా దొరకదు.

తిండి విషయంలో ఉదయం కడుపునిండా తినడం, మధ్యాహ్నం మెస్సులో భోజనం, మధ్యలో ఇంటి నుండి తెచ్చిన మురుకులు, వేరుశనగ ఉండలు. నీళ్ల సీసాలు ఇంటివే. 2013లో మొదలైన అమ్మ ఉణవగంలో ఒక్క రూపాయికి ఇడ్లీ పెడుతున్నారు. అక్కడ తినడానికి పిల్లలు సిగ్గుపడితే తండ్రి ముందు వరుసలో నిలబడాలి.

బస దగ్గర ఒక్క మాట. బంధువుల ఇల్లు ఉచితమే గాని, శివారులో ఉంటే రానుపోను ఖర్చు, వెంట తీసుకువెళ్లే పండ్లు, స్వీట్లు కలిపితే గది అద్దె అవుతుంది. పైగా వారి ఇంట్లో కూర్చోకుండా ఊరు తిరిగి వచ్చామనే నిష్ఠూరం ఒకటి. బంధువులను చూడాలంటే దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. స్టేషనులోని విశ్రాంతి గదులు టికెట్టు పి.ఎన్.ఆర్. నంబరుతో ముందే తీసుకోవచ్చు. లాడ్జిలో దిగితే అద్దె 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 గంటల లెక్కా అని మొదటే అడగాలి. పిల్లల గుర్తింపు కార్డులు కూడా వెంట ఉండాలి.

షోలాపూరు నుండి ముంబయి, బరంపురం నుండి కలకత్తా వెళ్లేవారికీ పద్ధతి ఇదే, వివరాలు మాత్రం వేరు. ముంబయి లోకల్ రైళ్లకు ఆదివారాలు మరమ్మతుల కోసం “మెగా బ్లాక్” ఉంటుంది, ముందురోజు కనుక్కోవాలి. కలకత్తాలో ఇండియన్ మ్యూజియం సోమవారం మూస్తారు. ఎగ్మోరు మ్యూజియానికీ, హైదరాబాదు సాలార్‌జంగ్‌కూ శుక్రవారం సెలవు. ఈ సెలవు దినాలు కనుక్కునే పని అబ్బాయిదే. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ప్రతి చోటా దిగగానే చెప్పవలసినది కూడా వాడే. ఫోను ఉన్నా, తల్లిదండ్రుల నంబరు ఒక కాగితం మీద రాసి ప్రతివారి జేబులో పెట్టండి.

తిరుగు రైలు కదిలాక అమ్మాయి లెక్క పుస్తకం పైకి చదవాలి. మిగిలిన సొమ్ము ఏమి చేయాలో ఆ రాత్రే పిల్లలను అడగండి. తక్కువైతే, ఎక్కడ తక్కువైందో వారినే చెప్పనివ్వండి.