సర్వేకు బయల్దేరే పిల్లలకు

పీహెచ్‌డీలో చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది ఒకటే: "మేడమ్, నాది క్వాలిటేటివా, క్వాంటిటేటివా?" పెళ్లి సంబంధానికి గోత్రం అడిగినట్టుంటుంది. అసలు నువ్వేం తెలుసుకోవాలనుకుంటున్నావని ఎదురు అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. నేనైతే రెండూ చేశాను: షెడ్యూళ్లు పట్టుకుని ఊళ్లమ్మట తిరిగాను, అరుగుల మీద కూచుని గంటల తరబడి మాటలూ రాసుకున్నాను. ఎంతమంది, ఎంత, ఎన్నిసార్లు అన్నది లెక్క వేస్తే తేలుతుంది. ఎందుకలా అన్నది కూచుని వింటేగాని తెలియదు. కాకపోతే ఆ లెక్క కూడా ఎవరో ఒకరి గడప ముందు జరిగిన సంభాషణలోంచే పుడుతుంది. ఆ సంగతిని మెథడాలజీ పుస్తకాలు ఒక్క పేరాలో దాటేస్తాయి. అందుకని ఈ నాలుగు ముక్కలు.

1. ముందు వెళ్లి కూర్చోండి, ప్రశ్నలు తర్వాత రాయండి

కరీంనగర్, నిజామాబాద్ వైపు ఏ ఊళ్లోనైనా ఇంటాయన్ని "మీ ఆవిడ ఏం పని చేస్తుంది?" అని అడగండి. "ఏం పని లేదు మేడం, ఇంట్లనే ఉంటది" అంటాడు. ఆవిడ ఆ పక్కనే గోడకు చేరగిలబడి ఉంటుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. మనతో మాట్లాడుతున్నా వేళ్లు ఆగవు. ఆకు చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఇంత అని ఆమెకు కూలి వస్తుంది. ఆయన మాట పట్టుకుని రాసేస్తే జాతీయ నమూనా సర్వే పద్ధతిలో ఆమెకు 92 కోడు పడుతుంది, అంటే ఇంటిపని మాత్రమే. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత లాంటివి తెచ్చుకునేవాళ్లకు 93 ఉంది. ఈ రెండు కోడ్‌లవాళ్లూ శ్రామికుల లెక్కలోకి రారు. బీడీలు చుట్టే మనిషి మాత్రం కచ్చితంగా రావాలి.

ఇది ఒక్క ఇంటి తంటా కాదు. 1961 జనాభా లెక్కల్లో దేశంలోని ఆడవాళ్లలో 28 శాతం దాకా పనిచేసేవాళ్లని తేలింది. 1971కి ఆ అంకె సగానికి పడిపోయింది. పదేళ్లలో అంతమంది చేలు వదిలి ఇంట్లో కూర్చోలేదు, మారింది ప్రశ్న. 1961లో సీజన్లో ఎక్కువ రోజులు, రోజుకు గంటకు పైగా పనిచేస్తే చాలు, పనివాళ్ల కింద రాశారు. 1971లో "ముఖ్యంగా ఏం చేస్తారు?" అన్నారు. నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి వండే మనిషికి ముఖ్యమైనది వంటేనని ఇంట్లోవాళ్లు చెప్పారు. 1981లో ప్రధాన శ్రామికులు, ఉపాంత శ్రామికులు అని రెండు గళ్లు పెట్టి కొంత సర్దుకున్నారు. మీ ప్రశ్న పట్టుకుని ఓ పదిళ్లలో మాట్లాడి చూస్తే ఇలాంటివి ముందే బయటపడతాయి. దాన్ని పైలట్ అంటారు. పైలట్ చేశామని థీసిస్‌లో రాయడానికి చేసే పైలట్లు వేరే ఉన్నాయి, వాటి ఊసు వద్దు.

2. గుంటలా, సెంట్లా?

రైతు 2.20 అని చెప్తే ట్యాబ్‌లో 2.20 అని కొట్టేస్తారు. తెలంగాణలో అయితే అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. రాష్ట్రం దాటి కృష్ణా జిల్లాకు పోతే అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు, దశాంశం సరిపోతుంది. రెండు రాష్ట్రాల డేటా ఒకే ఫైల్లో కలిపి సగటు తీస్తే అది ఏ రాష్ట్రానిదీ కాదు. పాత ఫైలు చేతికొస్తే ఒక చిట్కా: చుక్క తర్వాత అంకె ఎక్కడా 39 దాటలేదంటే అవి గుంటలే.

వయసులూ అంతే. ముసలివాళ్లను అడిగితే యాభయ్యో, అరవయ్యో, "నువ్వే చూసి రాసుకో" అంటారు. గ్రాఫు గీస్తే సున్నాల దగ్గర, అయిదుల దగ్గర స్తంభాలు లేస్తాయి. ఊరికి గుర్తున్న సంఘటనలు పట్టుకోండి. దివిసీమలో 1977 ఉప్పెన నాటికి పెళ్లయిందా? రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడు పెద్దపిల్ల బడికి పోతోందా?

3. జ్ఞాపకానికి గడువు ఉంటుంది

నెల రోజుల్లో కూరగాయలకు ఎంతయిందంటే మీరైనా చెప్పలేరు. వారం రోజులదడిగితే చెప్తారు, పైగా మొత్తం పెరుగుతుంది. ఈ తేడా మీదే దేశంలో పెద్ద గొడవ నడిచింది. 1999-2000 నాటి జాతీయ నమూనా సర్వే 55వ రౌండులో తిండి ఖర్చును 7 రోజులకు, 30 రోజులకు ఒకే షెడ్యూల్లో పక్కపక్క గళ్లలో అడిగారు. రెండూ పక్కనే ఉంటే జనం ఒకదానికొకటి సరిపెట్టే చెప్తారు గదా. దాంతో పేదరికం తగ్గిందా లేదా, తగ్గితే ఎంత అన్నది తేల్చడానికి ఆంగస్ డీటన్ లాంటి ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలది వేరే దారి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు లాంటి ఊళ్లలో ఇన్వెస్టిగేటర్లే కాపురమున్నారు. మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి అడిగారు. మరిచిపోయేలోపే మనిషి మళ్లీ వస్తాడు. పైగా ఊళ్లో ఉండేవాడికి అబద్ధం చెప్పడం కూడా కష్టం.

4. తాళం వేసిన ఇల్లు

పాలమూరు వైపు పంట పనులు అయిపోయాక వెళ్తే శాంపిల్లో పడ్డ ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. పక్కింటి తలుపు కొట్టి సంఖ్య నింపేయడం సులువు. అయితే పక్కిల్లు ఎందుకు తెరిచి ఉంది? వాళ్లకు వలస పోవాల్సిన అవసరం రాలేదు కాబట్టి. అలా నింపుకుంటూ పోతే ఊళ్లోని పేదరికం మీ కాగితం మీదే తగ్గిపోతుంది. తాళాలెన్నో రాయండి, పండక్కి మళ్లీ వెళ్లండి.

దీనికి తిరగేసిన సంగతి 2014 ఆగస్టు 19న చూశాం. తెలంగాణ ప్రభుత్వ సమగ్ర కుటుంబ సర్వేలో పేరు లేకపోతే పథకాలు పోతాయని బస్సులు కిక్కిరిసేలా జనం సొంతూళ్లకు చేరారు. ముంబై నుంచి కూడా వచ్చారు. మీ సర్వేకు అంత సీను లేదు గానీ, రేషన్‌కార్డు కోసమేమోనన్న అనుమానం వస్తే చాలు, అయిదెకరాలు మూడవుతాయి. "ఏమిస్తరు?" అని అడుగుతారు. ఏమీ ఇవ్వమని మొదటే చెప్పేయండి.

5. మూడు ఊళ్లు, మూడొందల మంది

ఊరికి వందమంది చొప్పున మూడు ఊళ్లలో అడిగి "శాంపిల్ 300" అని గర్వంగా రాస్తారు. ఒకే ఊరివాళ్లకు ఒకే చెరువు, ఒకే బడి, ఒకే వ్యాపారి. జవాబుల్లో ఆ పోలిక ఎంతో కొంత ఉంటుంది. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో అది 0.05 మాత్రమే అనుకున్నా, ఊళ్లోని మిగతా 99 మందికీ లెక్కేస్తే 1 + 99 × 0.05 అంటే 5.95. 300ని దాంతో భాగిస్తే చేతిలో ఉన్నది 50 మంది ఎత్తు సమాచారం. అదే 30 ఊళ్లలో పదేసి మందిని అడిగితే 207 దాకా వస్తుంది. తిరుగుడు ఖర్చు పెరుగుతుంది, కాదనను. అంత తిరగలేకపోతే ఆ మూడు ఊళ్ల కథనే లోతుగా రాయండి, జిల్లా మొత్తం గురించి మాట ఎత్తకండి.

6. ఎవరి అరుగు మీద కూచున్నారు?

మైసూరు దగ్గర రాంపురలో 1948లో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ బస చేసింది ఊరి పెద్ద ఇచ్చిన ఇంట్లో. తాను ఆ ఊరిని ఎక్కువగా పైకులాల వైపు నుంచే చూశానని ఆయనే రాశాడు. మనమూ ఊళ్లోకి దిగగానే సర్పంచి ఇంటికే పోతాం, కుర్చీ వేస్తారు, టీ వస్తుంది. తర్వాత గుంపు చర్చ పెడితే మాట్లాడేది ఇద్దరే, మిగతావాళ్లు తలాడిస్తారు. ఎస్సీ కాలనీలో విడిగా కూర్చోండి, ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. ఎవరెక్కడ మాట ఆపేశారో, ఎవరు రాగానే ఆపేశారో అదీ రాసుకోండి. రికార్డరుకు అది అందదు.

7. నోట్సుకు నకలు వేరే ఊళ్లో ఉండాలి

శ్రీనివాస్ రాంపుర నోట్సును ఏళ్లపాటు సర్ది మూడు కాపీలు పెట్టుకున్నాడు. మూడూ స్టాన్‌ఫర్డ్‌లో ఒకే గదిలో ఉన్నాయి. 1970లో అక్కడ నిప్పంటుకుని అవి కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన గొప్ప పుస్తకమే రాశాడు. మీ మీద మీకు అంత నమ్మకం ఉంటే సరే.

8. పట్టిక పట్టుకుని మళ్లీ అదే ఊరికి

సొంత పొలమున్న రైతులకు అప్పు ఎక్కువ, కౌలు రైతులకు తక్కువ అని పట్టిక వస్తే సంతోషంగా చాప్టర్ రాసేయకండి. ఆ కాగితం తీసుకెళ్లి కౌలు రైతుల ముందు పెట్టండి. నవ్వుతారు. పాస్‌బుక్ వాళ్ల పేరున ఉండదు కాబట్టి బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు. ఎరువుల కొట్టులో ఖాతా ఉంటుంది, పంట వచ్చాక కోసుకునే షరతు మీద వ్యాపారి ఇచ్చిన డబ్బు ఉంటుంది, బావమరిది దగ్గర చేబదులు ఉంటుంది, ఆవిడ గాజులు తాకట్టులో ఉంటాయి. "అప్పుందా?" అని ఒకే ప్రశ్న వేస్తే వీటిలో సగం రావు. బ్యాంకు, మహిళా సంఘం, కొట్టు ఖాతా, వ్యాపారి, చుట్టాలు, తాకట్టు అని ఒక్కోదానికి ఒక్కో గడి పెట్టండి. షెడ్యూల్ పొడుగైపోతుందని గైడ్ అంటే, ఇంట్లో టీవీ ఉందా, ఫ్యాన్ ఉందా అని అడిగే పేజీ కొట్టేయండి. ఆ జవాబులు గడపలో నిలబడితే కనపడతాయి.