తెరమీది అంకె, లోపలి విలువ

చిరంజీవి సాహితికి,

ఆర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు, సంతోషం. లెక్క ఎలా చేయాలో నీ పాఠ్యపుస్తకం చెబుతుంది. చేసిన లెక్కను నలుగురికీ ఎలా చూపించాలో నేను చెబుతాను.

22ను 7తో భాగించి చూడు. 3.142857 అని వస్తుంది. ఏమీ చెప్పకపోతే ఆర్ ఏడు సార్థక అంకెల దాకా చూపిస్తుంది. ప్రింట్ ఫంక్షన్‌లో డిజిట్స్ 3 అని అడిగితే 3.14 అంటుంది. రెండుసార్లూ లోపలి విలువ ఒక్కటే. 0.1కి 0.2 కలిపితే 0.3 అని కనిపిస్తుంది కానీ, అది 0.3కు సమానమా అని అడిగితే ఫాల్స్ అంటుంది. 17 అంకెలు చూపించమంటే కొసన ఒక 4 బయటపడుతుంది. కంప్యూటర్ అంకెలను రెండు ఆధారంగా దాచుకుంటుంది. ఆ పద్ధతిలో 0.1 సరిగ్గా ఇమడదు. అందుకే తెరమీద కనిపించినదే మొత్తం విలువ అనుకోకు.

ప్రింట్ పని చేసుకునేవాళ్ల కోసం. వరుస ముందు [1] అని స్థానం చెబుతుంది, మాటలకు కొటేషన్లు తగిలిస్తుంది. క్యాట్ ఇవేవీ లేకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. కొత్త వరుస కావాలంటే మాత్రం నువ్వే అడగాలి. ఫర్ లూప్ లోపల చలరాశి పేరు ఒక్కటే రాస్తే ఏమీ కనిపించదు. అక్కడ ప్రింట్ అని స్పష్టంగా రాయాల్సిందే.

చదివేవాళ్లకు పూర్తి వాక్యం ఇవ్వాలంటే ఎస్‌ప్రింట్‌ఎఫ్ వాడు. ఇది సీ భాష నుంచి వచ్చింది. వాక్యంలో విలువ రావలసిన చోట శాతం గుర్తుతో ఖాళీ ఉంచి, దశాంశాలు ఎన్నో, వెడల్పు ఎంతో అక్కడే చెబుతావు. అసలు శాతం గుర్తే అచ్చు కావాలంటే దాన్ని రెండుసార్లు రాయాలి. పది జిల్లాల సగటులు ఒకేసారి ఇస్తే పది వాక్యాలు తయారవుతాయి. అయితే ఎస్‌ప్రింట్‌ఎఫ్ ఇచ్చేదీ, అంకెల రూపాన్ని మార్చే ఫార్మాట్ ఫంక్షన్ ఇచ్చేదీ అక్షరాలే. వాటిని మళ్లీ కూడలేవు. కాబట్టి లెక్కంతా ముగిశాకే వీటి దగ్గరకు రా.

మన లెక్కలకు ఒక చిక్కుంది. లక్ష అని 100000 ఇస్తే 1e+05 అని చూపిస్తుంది. మామూలు రాత, ఇలాంటి ఘాతాంక రాత రెండింటిలో పొట్టిదాన్ని ఎంచుకోవడం దాని పద్ధతి. ఫార్మాట్‌లో సైంటిఫిక్ ఫాల్స్ అని చెబితే పూర్తిగా రాస్తుంది. కామాలు పెట్టమంటే మూడేసి అంకెలకు పెడుతుంది: 1,234,567. మనవాళ్లు చదివే 12,34,567 కావాలంటే నీ సొంత ఫంక్షన్ రాసుకోవడం మేలు.

చివరగా ఒక్క మాట. పిల్లల ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, సగటును 152.3846 అని అచ్చు వేస్తే కొలతలో లేని ఖచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే. 152.4 చాలు. లోపలి విలువను రౌండ్ చేసి పాడుచేయకు. చూపేటప్పుడు కొలతను మించి చూపకు. ప్రతి అంకె పక్కన అది కిలోలా, రూపాయలా, శాతమా అన్నది తప్పక రాయి. నీ నివేదిక చదివి నిర్ణయం తీసుకునేవాళ్లకు కనిపించేది ఆ అచ్చు ఒక్కటే.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న