నక్షత్రం ఎక్కడికి పోయింది?

ఇంట్లో చిల్లర డబ్బా ఉంటే ఒకసారి చాప మీద కుమ్మరించండి. 1992 నుంచి 2004 వరకు వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళలు ఏరి, సంవత్సరం అంకెల కింద భూతద్దంతో చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైనది. డైమండు ఆకారం ఉంటే ముంబయిది, గుండ్రని చుక్క ఉంటే నోయిడాది. కలకత్తా టంకశాల మాత్రం ఏ గుర్తూ వేయదు.

ఇప్పుడు ఎవరైనా గుర్తు లేని బిళ్ళ చూపించి, "ఇది నక్షత్రం పడకుండా పోయిన హైదరాబాదు నాణెం, చాలా అరుదు, వెయ్యి రూపాయలివ్వు" అన్నారనుకోండి. మీరేం చేస్తారు?

నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే జవాబు దొరుకుతుంది. బొమ్మలేని లోహపు బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య ఉంచి, యంత్రం బలంగా ఒక్క దెబ్బ కొడుతుంది. అచ్చులో పల్లంగా ఉన్నది నాణెం మీద ఎత్తుగా వస్తుంది. లక్క మీద ముద్ర వేసినట్టే. అచ్చులోని నక్షత్రపు గుంటలో జిడ్డు, లోహపు పొడి నిండిపోతే అందులోకి లోహం దూరదు. నక్షత్రం పడదు. అలాంటి నాణేలు నిజంగానే ఉన్నాయి. కానీ అరిగిపోయినా నక్షత్రం కనిపించదు. ఆకురాయితో గీకేసినా కనిపించదు!

అరుగుదల ఎప్పుడూ ఎత్తయిన చోట మొదలవుతుంది. కాబట్టి ముందు నాణేన్ని తిప్పి సింహాలను చూడండి. జూలు, ముఖాలు నున్నగా అయిపోతే, నక్షత్రం కూడా జేబుల్లో తిరిగి అరిగిపోయి ఉండవచ్చు. జూలు స్పష్టంగా ఉండి నక్షత్రం ఒక్కటే లేకపోతే అరుగుదల కాదు. అప్పుడు దీపం వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. గీకిన చోట సన్నని గీతలు, చిన్న పల్లం, వేరే రకం మెరుపు కనిపిస్తాయి. అవేవీ లేవా? అయినా సంతోషించడానికి తొందరపడకండి. అది మామూలు కలకత్తా నాణెమే కావచ్చు. అదే సంవత్సరపు కలకత్తా, హైదరాబాదు బిళ్ళలు పక్కన పెట్టుకుని అంకెల ఆకారం, వాటి మధ్య ఎడం పోల్చాలి. జిడ్డు నిండిన అచ్చయితే తరచు పక్కనున్న అంకె కూడా మసకగా పడుతుంది. నక్షత్రపు ఛాయ కొంచెమైనా మిగులుతుంది.

గీతల విషయంలోనూ ఈ ఎత్తుపల్లాల లెక్కే. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొరబడి నాణెం మీద గట్టులాంటి గీత లేస్తుంది. నాణెం తయారయ్యాక మేకుతో గీస్తే చాలు పడుతుంది, నాగలి దున్నినప్పుడు మట్టి లేచినట్టు దాని పక్కల లోహం ఒత్తుకొస్తుంది. గోటితో తడిమినా తేడా తెలుస్తుంది.

మరో మోసం ఉంది. రెండు నాణేలను వైసులో బిగించి నొక్కితే ఒకదాని అక్షరాలు రెండోదాని మీద పల్లంగా, తిరగబడి పడతాయి. దాన్ని టంకశాల తప్పుగా అమ్మజూస్తారు. అసలు తప్పు ఇలా జరుగుతుంది: కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ దానికి తగులుతుంది. అప్పుడు బిళ్ళకు ఒకవైపు బొమ్మ మామూలుగా, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి పల్లంగా వస్తుంది. ఆ రెండోవైపు ఉండాల్సిన ముద్ర అసలు పడదు. వైసు నాణెంలో మాత్రం సొంత ముద్ర నలిగిపోయి కిందే కనిపిస్తూ ఉంటుంది.

చివరగా తూకం. "పలచటి బిళ్ళ మీద పడిన ముద్ర" అంటూ ఆమ్లంలో ముంచిన నాణేలు కూడా తెస్తారు. 1983 నుంచి వచ్చిన రాగి-నికెలు రూపాయి 6 గ్రాములుండాలి. ఆమ్లం బిళ్ళతోపాటు అక్షరాలనూ తింటుంది; అవి సన్నబడి, ఉపరితలం గరుకుగా తేలుతుంది. కంసాలి దుకాణంలో తూచమని అడగండి, కాదనరు. ఒక్క జాగ్రత్త: చూసేముందు చింతపండుతో మాత్రం తోమకండి. తోమితే గీకిన ఆనవాళ్ళూ, అచ్చు ఆనవాళ్ళూ కలిసిపోతాయి.