పౌర దౌత్యం: ఐవీఎల్‌పీ, గ్లోబల్ టైస్

ఇంటర్నేషనల్ విజిటర్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్, సంక్షిప్తంగా ఐవీఎల్‌పీ, అమెరికా విదేశాంగ శాఖ నడిపే వృత్తిపరమైన పర్యటనల కార్యక్రమం. 1940లో అమెరికా అధికారి నెల్సన్ రాక్‌ఫెల్లర్ చొరవతో లాటిన్ అమెరికా పాత్రికేయులను ఆహ్వానించడంతో దీనికి బీజం పడింది. పాత్రికేయులు, అధికారులు, అధ్యాపకులు సాధారణంగా మూడు వారాల వరకు అమెరికాలో పర్యటిస్తారు.

రాజధాని వాషింగ్టన్ దాటాక అతిథుల బాధ్యత చాలావరకు ఆయా నగరాల్లోని లాభాపేక్ష లేని సంస్థలదే. అతిథి వృత్తికి తగినవారితో సమావేశాలు కుదర్చడం, బడులు, న్యాయస్థానాలు చూపించడం, స్థానికుల ఇళ్లలో భోజనం ఏర్పాటు చేయడం వాటి పని. జీతం ఆశించకుండా తమ ఇంటి తలుపులు తెరిచే ఈ వాలంటీర్లే కార్యక్రమానికి అసలు బలం. పౌర దౌత్యం అంటే ఇదే. ఈ సంస్థలన్నిటికీ జాతీయ సమాఖ్య గ్లోబల్ టైస్ యూఎస్. దాని మూలాలు 1961 నాటివి.

అభ్యర్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే: ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనానికి మనమే దరఖాస్తు చేసుకోవచ్చు, ఐవీఎల్‌పీకి కుదరదు. అమెరికా రాయబార కార్యాలయాలే అర్హులను గుర్తించి నామినేట్ చేస్తాయి. మార్గరెట్ థాచర్ బ్రిటన్ ప్రధాని కావడానికి చాలా ముందు, 1967లో, ఈ కార్యక్రమం కింద పర్యటించారు. ఇక నామినేషన్ల విషయానికొస్తే, తెలుగు రాష్ట్రాలు రెండూ 2008లో ప్రారంభమైన హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్ పరిధిలోనివి.