ఆరుబయటి వైర్‌లెస్ పరికరం అంతర్నిర్మాణం: వ్యవసాయ క్షేత్రాల్లో వినియోగంపై ఒక పరిశీలన

సారాంశం

వ్యవసాయ పరిశోధన క్షేత్రాల్లోని వాతావరణ కేంద్రాలు, నేల తేమ సెన్సర్లు నమోదు చేసే సమాచారాన్ని కార్యాలయానికి చేర్చేందుకు తక్కువ ధరకు లభించే ఆరుబయటి వైర్‌లెస్ పరికరాలు అనుకూలమైనవి. టీపీ-లింక్ సీపీఈ210 మొదటి కూర్పును ఉదాహరణగా తీసుకొని, దాని లోపలి భాగాలను, ఒక్కొక్క భాగం క్షేత్ర వినియోగానికి విధించే పరిమితులను ఈ వ్యాసంలో వివరించడమైనది. తయారీదారు ప్రకటించిన సాంకేతిక వివరాలు, వాటిపై చేసిన లెక్కలు ఈ పరిశీలనకు ఆధారం. ప్రాసెసర్, రేడియో క్షేత్ర అవసరాలకు మించినవే. యాంటెన్నా ఎత్తు, విద్యుత్ సరఫరా, ఎర్తింగ్, తేమ నుంచి రక్షణ అనే నాలుగు అంశాలే పరికరం ఉపయోగాన్ని నిర్ణయిస్తాయని తేలుతున్నది.

ముఖ్య పదాలు: వైర్‌లెస్ అనుసంధానం, యాంటెన్నా, విద్యుత్ సరఫరా, ఎర్తింగ్, వాతావరణ కేంద్రం

పరిచయం

వరిలో అగ్గి తెగులు, వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు రాకను ముందుగా అంచనా వేయాలంటే ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఆకు తడిగా ఉన్న వ్యవధి ఎడతెగకుండా నమోదు కావాలి. తెగులుకు అనుకూలించేవి వాన, మబ్బు, ఈదురుగాలి ఉన్న రోజులు. వైర్‌లెస్ పరికరాలు తరచుగా మొరాయించేవీ ఆ రోజుల్లోనే. పోయిన రోజు కొలతను మళ్లీ తీసుకోవడం సాధ్యం కాదు. కనుక పరికరాన్ని ఎంచుకొనేటప్పుడు పెట్టెపై ముద్రించిన వేగం కన్నా, లోపల ఏమున్నదో తెలుసుకోవడం ముఖ్యం.

ప్రధాన చిప్, జ్ఞాపక భాగాలు

సీపీఈ210 మొదటి కూర్పులో అథెరోస్ ఏఆర్9344 అనే చిప్ ఉన్నది. 560 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ప్రాసెసర్, రేడియో, ఈథర్నెట్ స్విచ్ ఈ మూడూ అందులోనే ఇమిడి ఉంటాయి. ధర తక్కువగా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం. దానికి తోడుగా 64 మెగాబైట్ల ర్యామ్, 8 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ అమర్చారు. పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌లో ఉంటుంది. వారాల తరబడి వాతావరణ సమాచారాన్ని దాచేందుకు అందులో చోటు చాలదు. అందుచేత సంబంధం తెగినప్పుడు కొలతలను భద్రపరచగల డేటా లాగర్ వాతావరణ కేంద్రంలోనే ఉండాలి.

పెట్టెపై కనిపించే 300 మెగాబిట్ల వేగం గాలిలో రేడియో అందుకోగల గరిష్ఠ పరిమితి. ఈథర్నెట్ పోర్టు వేగం 100 మెగాబిట్లు మాత్రమే కాబట్టి కేబుల్ ద్వారా అంతకు మించి వెళ్లదు. అయినా ఇది లోపం కాదు. పది నిమిషాలకొకసారి పది కొలతలను పంపే కేంద్రానికి ఈ వేగంలో అతి స్వల్ప భాగం సరిపోతుంది.

కొనుగోలు చేసేవారు మరొక విషయం గమనించాలి. ఇదే పేరుతో తరువాత వచ్చిన కూర్పుల్లో చిప్ మారి, క్వాల్‌కామ్ క్యూసీఏ9533 వచ్చింది. పేరు ఒకటైనా లోపలి సామగ్రి వేరు కావచ్చు. లేబుల్‌పై ఉన్న కూర్పు సంఖ్యను నమోదు చేసుకొంటే సాఫ్ట్‌వేర్ మార్పుల సమయంలో పొరపాటు జరగదు.

రేడియో, యాంటెన్నా

ఈ పరికరం 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తుంది. గరిష్ఠ ప్రసార శక్తి 27 డీబీఎం, అంటే సుమారు అర వాట్. యాంటెన్నా పెట్టె లోపలే ఉంటుంది. దాని లబ్ధి 9 డీబీఐ. లబ్ధి అంటే కొత్త శక్తి పుట్టడం కాదు. ఉన్న శక్తిని ఒక దిశకు కేంద్రీకరించడం. టార్చిలైటులో బల్బు వెనుక ఉన్న అద్దం చేసే పని వంటిదే ఇది.

ఈ రెండూ కలిపితే 36 డీబీఎం, అంటే సుమారు 4 వాట్లు. మనదేశంలో 2005 నాటి నిబంధనలు లైసెన్సు లేకుండా ఈ పౌనఃపున్యంలో అనుమతించే గరిష్ఠ వికిరణ శక్తి కూడా 4 వాట్లే. కాబట్టి గరిష్ఠ శక్తితో వాడినప్పుడు అదనపు ఆంప్లిఫయర్‌కు అవకాశం లేదు. యాంటెన్నా ఎత్తుకు సంబంధించి ఆ నిబంధనల్లో ఉన్న పరిమితిని కూడా స్తంభం వేయడానికి ముందే చూసుకోవాలి.

అడ్డంకి లేని 1 కిలోమీటరు దూరంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం సుమారు 100 డెసిబెల్స్ క్షీణిస్తుంది. రెండు చివరలా ఇదే పరికరం ఉంటే అందే సంకేతం:

27 + 9 – 100 + 9 = –55 డీబీఎం

ఇది బలమైన సంకేతం. అయితే ఈ లెక్క మార్గం ఖాళీగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. తరంగం సన్నని గీతలా కాక, మధ్యలో ఉబ్బిన కదురు ఆకారంలోని ప్రదేశాన్ని ఆక్రమిస్తూ సాగుతుంది. దీన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. 1 కిలోమీటరు దూరానికి నడిమధ్యన దీని వ్యాసార్ధం సుమారు 5.5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 3.3 మీటర్లు, ఖాళీగా ఉండాలి. మార్గమధ్యంలో 3 మీటర్ల ఎత్తు చెరకు ఉంటే యాంటెన్నాలు రెండూ దాదాపు 6.5 మీటర్ల ఎత్తున ఉండవలసి వస్తుంది. వేసవిలో ఖాళీ పొలంలో 4 మీటర్ల స్తంభంపై చక్కగా పనిచేసిన అనుసంధానం చెరకు ఎదిగాక బలహీనపడడానికి కారణం ఇదే. ఆకుల్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకొంటుంది కనుక వాన తరువాత తడిసిన తోట మరింత అడ్డమవుతుంది.

విద్యుత్ సరఫరా

పరికరానికి 24 వోల్టుల విద్యుత్తు ఈథర్నెట్ కేబుల్ ద్వారానే అందుతుంది. కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగు సమాచారానికి, నాలుగు విద్యుత్తుకు ఉపయోగపడతాయి. ఈ పద్ధతిలో సరఫరాకు ముందు పరస్పర నిర్ధారణ ఉండదు. ఇదే తరహాలో 48 వోల్టులు పంపే మరో పరికరపు అడాప్టరును పొరపాటున తగిలిస్తే లోపలి భాగాలు కాలిపోవచ్చు. అడాప్టర్లపై వోల్టేజీని పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మంచిది.

కేబుల్ నాణ్యత కూడా ముఖ్యం. రాగిపూత పూసిన అల్యూమినియం తీగకు స్వచ్ఛమైన రాగి తీగ కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు నిరోధం ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోయి పరికరం తనంతట తాను ఆగి, మళ్లీ మొదలవుతుంటుంది.

సౌర విద్యుత్తుతో నడపదలిస్తే, సగటు వినియోగం 6 వాట్లు అనుకొన్నప్పుడు రోజుకు 144 వాట్-అవర్లు కావాలి. ఇది 12 వోల్టుల బ్యాటరీలో 12 ఆంపియర్-అవర్లకు సమానం. మూడు మబ్బు రోజులకు 36; లెడ్-ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు గనుక 72 ఆంపియర్-అవర్లు అవసరం. 12 వోల్టులను 24కు పెంచేటప్పుడు జరిగే నష్టాన్ని కూడా లెక్కలో కలపాలి. ఎండకాలపు అంచనాతో చిన్న బ్యాటరీ పెడితే, సమాచారం అత్యవసరమైన ముసురు రోజుల్లోనే కేంద్రం మూగబోతుంది.

ఉష్ణం, తేమ, పిడుగు

పరికరం 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని తయారీదారు ప్రకటన. నేరుగా ఎండ తగిలే మూసిన పెట్టెలో ఉష్ణోగ్రత బయటి గాలి కన్నా బాగా ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సగమవుతుందని అంచనా. రాయలసీమ, తెలంగాణ వేసవిలో పరికరానికి పైన గాలి ఆడే నీడ కల్పించడం ఖర్చు లేని రక్షణ. ఆ నీడరేకు యాంటెన్నా ముందుకు రాకూడదు.

పోర్టులున్న మూత ఎప్పుడూ నేలవైపే ఉండాలి. కేబుల్‌కు కింద ఒక వంపు ఇస్తే నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి. పశువుల కొట్టాలు, కోళ్ల షెడ్ల దగ్గర వెలువడే అమ్మోనియా రాగి కొనలను తినివేస్తుంది. అక్కడ పరిశీలన తరచుగా జరగాలి.

పరికరానికి 6 కిలోవోల్టుల మెరుపు రక్షణ, ఎర్తింగ్ కొన ఉన్నాయి. ఆ రక్షణ దూరంగా పడిన పిడుగు వల్ల కేబుల్‌లో పుట్టే ఉద్ధృతికి మాత్రమే. నేరుగా పడిన పిడుగును ఏ చిన్న పరికరమూ తట్టుకోలేదు. ఎర్తింగ్ కొనను ఖాళీగా వదిలేస్తే ఆ రక్షణా అక్కరకు రాదు. తేమను నిలుపుకొనే నల్లరేగడిలో ఎర్తింగ్ సులభం. త్వరగా ఆరిపోయే ఎర్ర చల్కా నేలల్లో కడ్డీ లోతుగా దింపి, వేసవి చివరలో నిరోధాన్ని కొలిచి చూడాలి.

సూచనలు

1. స్తంభం ఎత్తును ఖాళీ పొలాన్ని చూసి కాక, ఎదిగిన పంట ఎత్తును బట్టి నిర్ణయించాలి.
2. స్వచ్ఛమైన రాగి తీగలున్న, ఆరుబయటకు తగిన కేబుల్ వాడాలి.
3. బ్యాటరీని మూడు మబ్బు రోజులకు లెక్కకట్టాలి.
4. తొలకరికి ముందే ఎర్తింగ్, మూతలు, కేబుల్ కొనలు పరీక్షించాలి.
5. కొలతలు వాతావరణ కేంద్రంలోనే భద్రమయ్యే ఏర్పాటు ఉండాలి.

ముగింపు

తక్కువ ధర పరికరం తక్కువ నమ్మకమైనదని భావించనక్కరలేదు. సీపీఈ210 లోపలి చిప్, రేడియో ఒక పరిశోధన క్షేత్రపు అవసరాలను సునాయాసంగా తీర్చగలవు. పరికరం ధరతో పోల్చి చూసి స్తంభం, కేబుల్, బ్యాటరీ, ఎర్తింగ్‌లపై ఖర్చు తగ్గించడమే అసలైన నష్టం. వీటికి అంచనా వ్యయంలో మొదటి స్థానం ఇచ్చినప్పుడే తెగుళ్ల హెచ్చరికకు ఆధారమైన కొలతలు వానరోజున కూడా సకాలంలో అందుతాయి.